నా మోకాలికి ఏమీ కాలేదు

పర్లాకిమిడిలో నన్ను ఎరిగిన వాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. 2005లో నేను కమాండో ట్రైనింగుకి వెళ్లాను, మోకాలు దెబ్బతింది, వెనక్కి వచ్చేశాను. వెళ్లడం నిజం, రావడం నిజం. మధ్యలో మోకాలు నేను పెట్టింది. 20 ఏళ్ల సర్వీసు ముగించుకుని, లెఫ్టినెంట్ కర్నల్‌గా పెన్షన్ కాగితాలు పట్టుకుని 2024లో ఇంటికి వచ్చాను. పొద్దున్నే గ్రౌండులో పరిగెత్తే కుర్రాళ్లు చుట్టూ చేరి, "సార్, పారా ఎస్ఎఫ్‌కి ఎలా వెళ్లాలి, ప్రొబేషన్ ఎలా ఉంటుంది" అని అడుగుతున్నారు. పారా ఎస్ఎఫ్ అంటే సైన్యంలో కమాండో దళం, ప్రొబేషన్ అంటే అందులో చేర్చుకునే ముందు పెట్టే పరీక్షాకాలం. వాళ్లకి ఆ మోకాలి కథ చెప్పబుద్ధి కావడం లేదు. అందుకే ఇది.

మా నాన్న ప్లీడరు గుమాస్తా. కోర్టులో ఒరియా, ఇంట్లో తెలుగు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ మా వీధికి ఇంకా కబురు అందలేదని ఆయన జోకు. సైకిలెక్కి పాతపట్నం వైపు తొక్కితే అరగంట పట్టకుండానే ఆంధ్ర వచ్చేస్తుంది. నేను చదివింది ఒరియా మీడియం, హిందీ దూరదర్శన్ పుణ్యం, ఇంగ్లీషు కాలేజీలో గ్రామరు పుస్తకం బట్టీ పట్టి తెచ్చుకున్నది. డిగ్రీ కాగానే బీఎడ్ చెయ్యమన్నారు నాన్న. "మిలటరీకి మనవాళ్లెవరు వెళ్లారురా?" అన్నది ఆయన పాయింటు. నిజమే, ఎవరూ వెళ్లలేదు.

అప్పట్లో గుణుపురం నుంచి నౌపడా దాకా చిన్న రైలు నడిచేది. నేరోగేజి. రాజావారి కాలంలో వేసిన లైను. ఎంత నెమ్మదంటే, మలుపుల దగ్గర కుర్రాళ్లు దిగి, నాలుగడుగులు పరిగెత్తి మళ్లీ ఎక్కేవాళ్లు. నేను పరుగు నేర్చుకున్నది దాని పక్కనే. లైను వెంబడి దానితో పోటీగా పరిగెత్తడం, ఆయాసం వస్తే కమ్మీ పట్టుకుని ఎక్కెయ్యడం. ఎక్కితే గార్డు తిట్టేవాడు, అంతే.

సైన్యంలో ఆఫీసరు కావడానికి రాసే సీడీఎస్ పరీక్ష కటక్‌లో రాశాను. ఇంగ్లీషు, జీకే, లెక్కలు, ఒక్కోటి 100 మార్కులు. అది పెద్ద కష్టం కాదు. అసలు టెన్షన్ బెంగళూరులో ఎస్ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు ముందు అయిదు రోజులు. మొదటి రోజు సాయంత్రానికే సగానికి పైగా పెట్టె సర్దుకుని స్టేషనుకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకి ఛాతీ మీద నంబరు. తెర మీద ఒక మాట పడుతుంది, 15 సెకన్లలో వాక్యం రాయాలి, అలా 60 మాటలు. బొమ్మలు చూపించి కథలు రాయమంటారు, 12వది ఖాళీ కాగితం. తాళ్లు, దుంగలు, పీపాలు ఇచ్చి లేని కాలువని దాటమంటారు. ఇవన్నీ కోచింగ్ సెంటర్ల వాళ్లు ఇప్పుడు బాగా చెబుతున్నారు, నేను చెప్పక్కర్లేదు. నాకు గుర్తున్నది ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న. "నీకు మూడు భాషలు వచ్చంటున్నావు, కలలు ఏ భాషలో వస్తాయి?" అన్నాడాయన. "కలలోకి మా అమ్మ వస్తే తెలుగు, లెక్కల మాస్టారు వస్తే ఒరియా సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు. అయిదో రోజు నా నంబరు పిలిచారు.

డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలో ఏడాదిన్నర ట్రైనింగు. అక్కడే ఒక సాయంత్రం మా ఇన్‌స్ట్రక్టరు చాచ్రో దాడి గురించి చెప్పాడు. 1971 డిసెంబరు. 10 పారా కమాండో వాళ్లు జీపుల్లో థార్ ఎడారి దాటి, సరిహద్దుకి చాలా లోపల ఉన్న చాచ్రో మీద రాత్రికి రాత్రి పడ్డారు. నడిపించినవాడు లెఫ్టినెంట్ కర్నల్ భవానీసింగ్, జైపూర్ రాజు. ఆయనకి మహావీర్ చక్ర వచ్చింది. రాజుల కథలు వింటూ పెరిగిన ఊరు కదా మాది, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భారత సైన్యంలో కమాండోల మొదలు కూడా అలాంటిదే. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్‌సింగ్ అనే ఆయన కొందరు వాలంటీర్లని కూడగట్టుకుని శత్రువు వెనక్కి వెళ్లి పనిచేశాడు. అది పనికొచ్చిందని తేలాక 1966లో 9 పారా కమాండో పుట్టింది. ఆ ఉత్సాహంలో ఇంటికి ఉత్తరం రాశాను. నాన్న జవాబు: "జైపూర్ రాజంటే మన కోరాపుట్ జైపూరేనా? వాళ్లు ఎడారికెందుకు వెళ్లారు?"

2003 డిసెంబరులో అమ్మానాన్న వచ్చి నా భుజాల మీద నక్షత్రాలు పెట్టారు. ఇన్‌ఫంట్రీలో పోస్టింగ్, కశ్మీర్. ఏడాది తిరిగాక పారా స్పెషల్ ఫోర్సెస్‌కి వాలంటీర్‌గా పేరు ఇచ్చాను. మా సీఓ, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసరు, కాగితం మీద సంతకం పెడుతూ, "వెళ్లు. తిరిగొస్తే మాత్రం మెస్సులో మొహం దాచుకుని తిరగకు" అన్నాడు. అప్పుడు ఆ మాట అర్థం కాలేదు.

ఏ బెటాలియనో, ఎక్కడో రాయను. ప్రొబేషన్ అప్పట్లో మూడు నెలలు. బండి దిగగానే భుజాల మీది నక్షత్రాలు తీయించారు. లెఫ్టినెంటూ సిపాయీ ఒకటే, అందరూ ప్రొబేషనర్లే, పెట్టినదే తిండి, చూపించినదే చోటు. తేడా ఏమైనా ఉంటే ఆఫీసరుకి ఇంకో రెండు తిట్లు ఎక్కువ. అందరూ పడుకున్నాక ఆఫీసర్లకి మాత్రం మ్యాపు ముందేసి, రేపటి పనికి ప్లాను రాసి పొద్దున్నకి అప్పజెప్పమనేవారు. పేర్లు కూడా పోయాయి. ఎవరి ఊరు వాడి పేరు. నేను "కిమిడీ". నా బడ్డీ గఢ్వాల్ కుర్రాడు, నాలాగే లెఫ్టినెంటు, వాడు "పౌరీ". ఇప్పటికీ ఫోన్లో అలాగే పిలుచుకుంటాం.

బయటి జనం ప్రొబేషన్ అనగానే కండలు అనుకుంటారు. వచ్చినవాళ్లలో కండలు లేనివాడు ఎవడూ లేడు. మొదటి వారంలో వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు నా కంటే రెండింతలు ఉన్న పహిల్వాన్లు. వీపున 20 కిలోల పిట్టూ, చేతిలో రైఫిలు, 10 కిలోమీటర్లు, తర్వాత 20, తర్వాత 30, 40. అది అలవాటు అవుతుంది. అలవాటు కానిది, అది ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడం. "గేటు దాకా" అంటారు. గేటు దగ్గరికి వస్తే గేటు దాటించి నడిపిస్తారు. అన్నం పళ్లెం చేతిలోకి వచ్చాక ఈల వేస్తారు. రెండు గంటలు నిద్ర అంటారు, 40 నిమిషాలకి నీళ్లు కొట్టి లేపుతారు. మనిషి అలసటతో పడిపోడు. అయిపోతుందనుకున్నది అయిపోకపోతే పడిపోతాడు.

ఒకసారి రాత్రంతా నడిచి వచ్చాక గుడారంలోకి పిలిచారు. నేల మీద దుప్పటి. దుప్పటి తీశారు. దాని కింద 20కి పైగా వస్తువులు. తాళంచెవి, సగం కాలిన కొవ్వొత్తి, మూడు రకాల తూటాలు, విరిగిన దువ్వెన, పసుపుపచ్చ సబ్బుపెట్టె, బ్యాటరీ, ఇంకా ఏవో. నిమిషం చూపించి కప్పేశారు. దాని గురించి మాటే లేదు. మళ్లీ నడక. ఆరేడు గంటల తర్వాత, వాగులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబెట్టి, కాగితం పెన్సిలు ఇచ్చి, "రాయండి" అన్నారు. నాకు సబ్బుపెట్టె ఒక్కటే గుర్తొచ్చింది. మా అమ్మ పోపుగింజలు పోసుకునేది అలాంటి దాంట్లోనే. పౌరీ 17 రాశాడు. ఎలారా అంటే, నడుస్తున్నంతసేపూ వాటితో పాట కట్టుకున్నాడట.

కాళ్ల సంగతి వాడే నేర్పాడు. పొక్కు లేస్తే చింపకూడదు. సూదిలో దారం ఎక్కించి, సూది కాల్చి, పొక్కులో ఇటు నుంచి అటు గుచ్చి, దారం లోపలే ఉంచి రెండు కొసలూ బయటికి వదిలేస్తాం. నడుస్తుంటే నీరు దారం వెంట కారిపోతుంది, తోలు ఊడిరాదు. డాక్టర్లు ఇది వద్దంటారు, నేనూ ఎవరికీ చెయ్యమనను. మేం చేశాం. నా రెండు మడమల్లోనూ నల్లదారాలు వేలాడుతూ ఉండేవి. ఒక రోజు సుబేదార్ సాబ్ చూసి, "కిమిడీ, సాడీ సీ రహే హో క్యా?" అన్నాడు. చీర కుడుతున్నావా అని. అందరం నవ్వాం. 90 రోజుల్లో నవ్విన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 90 రోజులు అని అలవాటుగా అనేశాను, నేనున్నది 61 రోజులే.

61వ రోజు రాత్రి పెద్ద మార్చ్. ఎంత దూరమో ఎప్పట్లాగే చెప్పలేదు. అంతకుముందు రెండు రాత్రులు నిద్ర లేదు. మనుషుల బరువులతో పాటు టీమ్ సామాను కూడా వంతులేసుకున్నాం. నా వంతు తాడు, తడిసి ఆరు కిలోలు తూగుతోంది. మా వెనకాల కొంచెం దూరంలో ఒక వన్ టన్ను బండి, హెడ్‌లైట్లు వేసుకుని, మా నడక వేగంలోనే వస్తోంది. కళ్లు తిరిగి పడినవాళ్ల కోసం. చాలనుకున్నవాళ్ల కోసం కూడా. ఎవరూ గెంటరు, ఎవరూ బతిమాలరు. చెయ్యెత్తితే బండి ఆగుతుంది.

తెల్లవారుజామున ఏదో వేళ నా కళ్లకి ఆ వెలుతురు మా చిన్న రైలు దీపంలా కనబడడం మొదలైంది. నిజంగానే కనబడింది. చక్రాల చప్పుడు కూడా విన్నాను. మెలకువలోనే కలలు రావడం అక్కడ వింతేం కాదు. ఒకడు అంతకుముందు రాత్రి చెట్టుతో సెలవు గురించి మాట్లాడాడు. కానీ నేను పూర్తిగా మతి తప్పి ఎక్కానని చెప్పుకుంటే అది ఇంకో మోకాలు అవుతుంది. నాకు తెలుసు, అది బండి అని. మోకాళ్లు బాగానే ఉన్నాయి. మడమలు మండుతున్నాయి, అందరివీ మండుతున్నాయి. ఆ నిమిషంలో నాకు అనిపించింది ఒకటే. ఈ మలుపు తర్వాత ఇంకో మలుపు ఉంటుంది, నాకు అది చూడాలని లేదు. చెయ్యెత్తాను.

సుబేదార్ సాబ్ దిగి వచ్చాడు. 61 రోజులు నన్ను "అరే కిమిడీ" అని తప్ప పిలవని మనిషి, దగ్గరికొచ్చి, మెల్లగా, "పక్కా, సాబ్?" అన్నాడు.

సాబ్ అన్నాడు. నా నక్షత్రాలు నాకు తిరిగి వచ్చేశాయి. ఆ 61 రోజుల్లో తిన్న ఏ తిట్టూ నాకు అంత గట్టిగా తగల్లేదు. మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ సాబ్ అనే అన్నాడు. మూడోసారికి నేను "బస్, సాబ్" అన్నాను.

పౌరీ ఏమీ మాట్లాడలేదు. నా వెనక్కి వచ్చి, పిట్టూ పట్టీలు విప్పి, తాడు తీసుకుని తన పిట్టూ మీద కట్టుకున్నాడు. వాడి వేళ్లు వణుకుతున్నాయి, ముడి రెండుసార్లు జారింది. తర్వాత వెళ్లిపోయాడు. నేను మానేస్తే నాకేదో అవుతుందని మాత్రమే అనుకున్నాను. నా ఆరు కిలోలు ఇంకొకడి వీపు మీదికి వెళ్తాయని అప్పటిదాకా తట్టలేదు.

బండిలో టీ ఇచ్చారు. చక్కెర ఎక్కువ, వేడిగా ఉంది. చాలా బాగుంది, అదే బాధ.

నా వెనకాల వచ్చిన కాగితం మీద ఉన్నది ఆర్టీయూ, అంటే సొంత యూనిట్‌కి వాపసు. యూనిట్‌కి వెళ్లేముందు 15 రోజులు సెలవిచ్చారు, ఇంటికి వచ్చాను. పర్లాకిమిడి బస్టాండులో దిగగానే మా వీధి కిరాణా కొట్టాయన, "ఏటి బాబూ, కమాండో అయిపోయావా?" అన్నాడు. "మోకాలండీ" అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఇంటికి చేరేసరికి కబురు నాకంటే ముందు చేరిపోయింది. అమ్మ గుమ్మంలోనే, "ఏటయిందిరా నాయనా, ఏదీ చూడనీ" అంటూ కూలబడి ప్యాంటు పైకి లాగింది. వెనక్కి తగ్గే దారి లేదు. మర్నాటి నుంచి వావిలాకు తెచ్చి, నువ్వులనూనెలో వెచ్చచేసి, మూటకట్టి పొద్దునా సాయంత్రం కాపడం. బాగున్న మోకాలికి 15 రోజులు వైద్యం చేయించుకున్నాను. వీధంతా వావిలాకు వాసన. పరామర్శకి వచ్చినవాళ్లు ఎవరికి తోచిన మందు వాళ్లు చెప్పి వెళ్లారు. ఒకాయన కాశీనగరంలో కట్టు కట్టేవాడు ఉన్నాడని ఆటో కూడా మాట్లాడబోయాడు.

మా సరిహద్దు జిల్లాల్లో కమాండో అంటే జనానికి గుర్తొచ్చేది పారా కాదు, గ్రేహౌండ్స్. అది పోలీసు దళం, 1989లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్టారు. 2006 మార్చిలో మా గజపతి జిల్లాలోనే ఆర్.ఉదయగిరి మీద మావోయిస్టులు దాడి చేశారు, జైలు పగలగొట్టారు. నేను అప్పుడు కశ్మీర్‌లో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి, అలవాటుగా, "అక్కడ అంతా బాగానే ఉందా?" అంటే, "ముందు మీరు తలుపులు వేసుకోండి" అన్నాను. 2008 జూన్‌లో మల్కన్‌గిరి దగ్గర బలిమెల రిజర్వాయరులో గ్రేహౌండ్స్ వాళ్ల పడవ మీద కొండల పైనుంచి కాల్పులు జరిపారు. 38 మంది పోయారు. ఆ రోజు మెస్సులో టీవీ ముందు కూర్చుని, నీళ్ల మధ్య, దాక్కునే చోటు లేని ఆ పడవని ఊహించుకున్నాను. అలాంటి చోట మనిషి చెయ్యెత్తితే ఆగే బండి ఉండదు కదా అనుకున్నాను. ఆ ఆలోచన ఎవరితోనూ పంచుకోలేదు.

పౌరీ 90 రోజులూ నిలిచాడు. పారా వాళ్ల మెరూన్ టోపీ, కమాండోల గుర్తు బలిదాన్ బ్యాడ్జి వచ్చాయి. రమ్ము తాగి ఆ గాజు గ్లాసు అంచు కొరికి నమలడం వాళ్ల ఆచారం. నాకు దాని మీద పెద్ద గౌరవం లేదు, వాడికి చెప్పాను కూడా. "నువ్వు నమల్లేదు కాబట్టి అలా అంటావ్" అన్నాడు. తర్వాత ఆగ్రాలో పారాచూట్ కోర్సు, అయిదు దూకుళ్లు, అందులో ఒకటి రాత్రిపూట. ఆపైన మిజోరంలోని వైరంగ్టేలో అడవి యుద్ధం, గుల్‌మార్గ్‌లో మంచుకొండలు. వాడి మొదటి పదేళ్లు ఏడాదికి రెండు కోర్సులు, మధ్యలో కశ్మీర్.

ర్యాంకుల లెక్క వాడికీ నాకూ ఒకటే. రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, 13 ఏళ్లకి లెఫ్టినెంట్ కర్నల్. అక్కడిదాకా కాలం మోసుకెళ్తుంది. కర్నల్ మాత్రం సెలెక్షన్ బోర్డు తేల్చాలి. నన్ను తేల్చలేదు, వాడిని తేల్చింది. నా బోర్డుకీ ఆ 61వ రాత్రికీ ఏ సంబంధం లేదు, నా రిపోర్టులు నాకు తెలుసు. అయినా ఫలితం వచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది తాడు.

మేజరుగా ఉన్నన్నాళ్లూ వాడు టీమ్ ముందు నడిచాడు. 2016 సెప్టెంబరు 29న డీజీఎంఓ, అంటే సైనిక ఆపరేషన్ల డైరెక్టర్ జనరల్, టీవీలో సర్జికల్ స్ట్రైక్స్ సంగతి చెప్పినప్పుడు నేను వాడికి మెసేజి పెట్టాను, "భోజనం చేశావా?" అని. నాలుగు రోజుల తర్వాత "చేశా" అని వచ్చింది. ఆ రాత్రి ఎక్కడున్నావని నేను అడగలేదు, ఇప్పటికీ అడగను. బెటాలియన్ సీఓ అయ్యాక వాడి గొంతు మారింది. ఒక రాత్రి రెండింటికి ఫోను చేశాడు. "కిమిడీ, కర్నల్ పని ఏంటో తెలుసా? కుర్రాళ్లని పంపించి రేడియో ముందు కూర్చోవడం. ఏ మలుపులో ఉన్నారో తెలీదు, ఎన్ని మలుపులు ఉన్నాయో తెలీదు. కాళ్లు నొప్పెడితే బాగుండు, నొప్పి కూడా లేదు" అన్నాడు. వెళ్లి చేసేవాడి నుంచి, వేరేవాళ్లని పంపేవాడిగా మారడమే వాళ్ల సర్వీసులో అన్నింటికన్నా కష్టమట. దానికి ప్రొబేషన్ లేదు. ఒక రోజు కుర్చీలో కూర్చోబెట్టేస్తారు. తెల్లవారే దాకా ఇద్దరం ఫోన్లోనే ఉన్నాం, ఎక్కువగా మాట్లాడలేదు. రేడియో గురగురలు వినబడుతూ ఉన్నాయి. అయిదు దాటాక ఎవరో ఏదో చెప్పారు. "సరే, పడుకో" అని పెట్టేశాడు.

ఇప్పుడు గ్రౌండుకి వచ్చే కుర్రాళ్లు అగ్నివీర్‌కి తయారవుతున్నారు. నాలుగేళ్లు, తర్వాత నలుగురిలో ఒక్కడికే కొనసాగింపు. ఆ లెక్క గురించి నాకు వేరే అభిప్రాయాలున్నాయి, ఇక్కడ వద్దు. వాళ్లలో మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే సవర కుర్రాడొకడు ఉన్నాడు, కొండ ఎక్కుతూ పెరిగిన కాళ్లు. పరశురాముడు తపస్సు చేసిన కొండ కదా, అందుకే నీకు ఆ ఊపిరి అని ఏడిపిస్తుంటాను. పోయిన నెల వాడు అడిగాడు, "సార్, ప్రొబేషన్లో మీ మోకాలు ఎన్నో రోజు పోయింది?" అని. "61వ రోజు. మోకాలు పోలేదు, నేనే బండి ఎక్కాను" అన్నాను. వాడు కాసేపు చూసి, "బండి ఎంత దూరంలో వస్తుంది సార్?" అని అడిగాడు. జాలిపడలేదు, దూరం కనుక్కున్నాడు. వీడు పనికొస్తాడు అనుకున్నాను. "వంద అడుగులు" అన్నాను.

ఆ ధైర్యంతో ఇంటికి వచ్చి అమ్మకి కూడా చెప్పేశాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"తెల్దేటి నాకు? మొదటిరోజు కుడి మోకాలు చూపించావు. మూడోరోజు కాపడం పెడదామని వస్తే ఎడమది చాపావు."

"మరి 15 రోజులు ఎందుకు చేశావే?"

"పని లేకుండా ఇంట్లో కూసుంటే ఏడ్చేలా ఉన్నావు. ఏదో ఒకటి సెయ్యాలి గదా."

ఈ వానాకాలం నుంచి నాకు కుడి మోకాలు నిజంగానే నొప్పి పుడుతోంది, మెట్లు దిగుతుంటే మరీను. నాలుగు రోజులుగా చెబుతున్నా అమ్మ నమ్మడం లేదు. వావిలాకు కావాలంటే నువ్వే వెళ్లి కోసుకో, ఏటి గట్టు మీద ఉంది అంటోంది.